ముప్పై నాలుగు చింతగింజలు

మన గుమాస్తాల సంఘం సంచికకు ఏదైనా నవ్వొచ్చే సంగతి రాయమని అడిగారు. అడగడంలో తప్పులేదు. హోసూరు కోర్టు వసారాలో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నవాణ్ణి. డెంకణికోట కోర్టు పైకప్పు మీది కోతి దావా కాగితం ఎత్తుకుపోయి, మరుసటి వాయిదాకు తప్పులు దిద్ది తెచ్చిచ్చిందని చెప్పింది నేనే. మా సీనియర్ వకీలు క్రాస్ ప్రశ్నలు మొదలుపెడితే సాక్షికే కాదు, సాక్షి వెనకున్న గోడకు కూడా చెమటలు పట్టేవని చెప్పిందీ నేనే. కృష్ణగిరి జిల్లా కోర్టులో ఒక జడ్జిగారు తీర్పు చదువుతుంటే కొండమీది కోట వినడానికి ఒక పక్కకు వాలిందని, ఇప్పటికీ అలాగే ఉందని చెబితే, చూడటానికి బస్సెక్కి వెళ్ళినవాళ్ళున్నారు.

యాభై మూడేళ్ళకే పని మానేశాను. కళ్ళు సరిగా ఆనక మానేశానని మీరందరూ అనుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది కూడా నేనే. కళ్ళు బాగానే ఉన్నాయి.

ఈ ఒక్కసారి జరిగింది జరిగినట్టు రాస్తాను. నవ్వొస్తే నవ్వుకోండి.

గుమాస్తా పని అంటే ఫైళ్ళు మోయడం, వాయిదాలు రాసుకోవడం, కాపీలకు అర్జీ పెట్టడం అని మీకు చెప్పి ఉంటారు. అవన్నీ చేతులున్న ఎవడైనా చేస్తాడు. అసలు పని, పార్టీని వసారాలో కూర్చోబెట్టడం. పొద్దున పదిన్నరకు వచ్చిన మనిషి సాయంత్రం దాకా పిలుపు కోసం కాచుకోవాలి. ఊరికే కూర్చుంటే ఆలోచన వస్తుంది. ఆలోచన వస్తే ఇంకో వకీలు దగ్గరికి పోతాడు. అందుకని నేను కథలు చెప్పేవాణ్ణి. మా సీనియర్ సంపాదించుకున్న పార్టీలను నిలబెట్టింది ఆయన చట్టం కాదు, నా నాలుక అని నేను చాలాకాలం నమ్మాను.

మా సీనియర్ మంచివాడు. ఆయనలో ఉన్న లోపం అదొక్కటే. కేసు బలంగా ఉంటే "చూద్దాం" అనేవాడు. బలహీనంగా ఉంటే "చూద్దాం, కానీ" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ వచ్చేది కాదు. మా వసారా చివర టైపు కొట్టే ఆవిడ ఉండేది. మిషను పోయి కంప్యూటరు వచ్చినా ఆమె కుర్చీ మారలేదు, నోరూ మారలేదు. నా కథ ఒకటి ముగిసినప్పుడల్లా తల ఎత్తకుండానే, "నీ నాలిక్కి కోర్టు ఫీజు పెట్టింటే ఈపాటికి మూగోడివయ్యుందువప్పా" అనేది.

ఇక అసలు సంగతి. అంచెట్టి దాటి కావేరి వైపు కొండల్లో ఒక పల్లె నుంచి ఒకామె మా దగ్గరికి వచ్చేది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మొగుడు లేడు. రెండెకరాల వాలు చేను, అందులో పదకొండు చింతచెట్లు, చేను అంచున రెండు గదుల ఇల్లు. అదంతా నాది అని మరిది దావా వేశాడు. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్నప్పుడు ఆ చేను తన భాగానికి వచ్చిందని అతని వాదన. డెంకణికోటలో జడ్జిగారు ఆమెనే గెలిపించారు. హోసూరు సబ్ కోర్టులో అది తిరగబడింది. చెన్నై హైకోర్టులో ఆ తిరగబడిందే ఖాయమైంది. ఇదంతా అయ్యేసరికి పన్నెండేళ్ళు. ఏటా చింతపండు దించినప్పుడు ఒక సంచి మా సీనియర్‌కు తెచ్చి ఇచ్చేది. ఆయన వద్దంటే, "మీకు కాదు సామీ, ఇంట్లో అమ్మకి" అనేది.

చెన్నైలో ఓడిన రెండు వారాలకు మరిది మా ఆఫీసుకు వచ్చాడు. గెలిచినవాడు ఓడినవాళ్ళ వకీలు గడప తొక్కాడంటే ఏదో ఉంటుంది. ఆ వాలు మీద గులాబీలకు గాజు గుడిసెల్లాంటివి కట్టడానికి ఎవరో అడుగుతున్నారట. వాళ్ళకు తగాదా లేని కాగితాలు తొందరగా కావాలట. "ముక్కాలెకరం, ఐదు చెట్లు, ఇల్లు వదినకే రాసిస్తాను. ఢిల్లీకి పోనని ఆమె రాసిస్తే సాలు" అన్నాడు. మా సీనియర్ ఆమెను పిలిపించి, నేను ఆయన నోట ఎన్నడూ వినని విధంగా నాలుగు మాటలు వరసగా చెప్పాడు. "తీసుకోమ్మా. ఢిల్లీలో మనకేమీ లేదు. వాళ్ళు కేసు లోపలికే రానివ్వరు. ఈ ముక్కాలెకరమే నీ గెలుపు."

ఆలోచించి చెబుతానని ఆమె బయటికి వచ్చి నా బెంచీ మీద కూర్చుంది.

ఆ బెంచీ మీకు తెలుసు. ఎవరో పాత గుమాస్తా మేకుతో దాని మీద పులిజూదం గీతలు గీసిపెట్టాడు. ఆ రోజు నేనూ పక్క బెంచీ గుమాస్తా చింతగింజలు మేకలుగా పెట్టి ఆడుతున్నాం. చుట్టూ నలుగురైదుగురు పార్టీలు నిలబడి చూస్తున్నారు. ఆమె కాసేపు ఆట చూసి, తనలో తాను అనుకున్నట్టుగా, "ఐదు చెట్లుంటే నాకు సాలప్పా. ఒక మనిషికి ఎన్ని కావాల" అంది. ఒప్పుకునేసిందన్న మాటే. లేవబోయి, మళ్ళీ కూర్చుని, ఊరికే అడిగింది.

"అదిసరే, ఆ ఢిల్లీ కోర్టులో ఎంతమంది కూర్చుంటారప్పా?"

ఇద్దరమ్మా, ఒక్కోసారి ముగ్గురు అని నేను చెప్పి ఉంటే ఆ కథ అక్కడితో తెగిపోయేది. ఆమె లోపలికి పోయి వేలిముద్ర వేసి ఉండేది. కానీ నలుగురు వింటున్నారు. నలుగురు వింటుంటే ఇద్దరు అని చెప్పి ఊరుకునే మనిషిని కాను నేను.

ఆమె అలా ఎందుకు అడిగిందో నాకు బాగా తెలుసు. మాదీ ఆ కొండ దిగువ ఊరే. మా పక్క ఒక ఊళ్ళో తగాదా తెగకపోతే ఏడూళ్ళ కూటం కూర్చుంటుంది. అక్కడా తెగకపోతే ఇరవై ఒక్క ఊళ్ళ పెద్దలు కూర్చుంటారు. పైకి పోయేకొద్దీ మనుషులు పెరగాలి. అన్ని కళ్ళ ముందు అబద్ధం నిలబడదని లెక్క. ఇంకో కట్టడి కూడా ఉంది. కింద ఓడినవాళ్ళదే మొదటి మాట. వాళ్ళు చెప్పుకునేది మొత్తం చెప్పుకునేదాకా పెద్దలు వక్కాకు కూడా నోట్లో వేసుకోకూడదు. పన్నెండేళ్ళుగా ఆమెకు అర్థంకానిది అదే. డెంకణికోటలో ఒక్కడే, హోసూరులో ఒక్కడే, చెన్నైలోనూ ఒక్కడే. పైకి పోయినా మనిషి పెరగడే. ఇదేం కూటం?

"ముప్పై నలుగురమ్మా" అన్నాను.

నా కథల కిటుకు ఏమిటంటే సగం నిజం ఉంటుంది. సుప్రీం కోర్టులో పెద్ద జడ్జితో కలిపి ముప్పై నాలుగు కుర్చీలు అన్నది నిజం. కొన్ని ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయనేది వదిలేశాను. మేకల్ని పులుల్ని అన్నీ ఊడ్చేసి, ఒక గింజ మధ్యలో పెట్టి ఇది పెద్ద జడ్జి అన్నాను. అటూ ఇటూ నెలవంకలాగా పేర్చుకుంటూ పోయాను. వీళ్ళు దేశంలోని హైకోర్టుల నుంచి ఏరి తెచ్చినవాళ్ళు, వీళ్ళు వకీళ్ళుగా ఉంటూ నేరుగా పోయినవాళ్ళు, అరవై ఐదేళ్ళు నిండేదాకా కదిలించేవాడు లేడు, వీళ్ళ పేర్లు వీళ్ళలో పెద్దవాళ్ళే ఎంచితే రాష్ట్రపతి సంతకం పెడతాడు అని చెప్పాను. అంతా నిజమే. పద్దెనిమిదికి నా గింజలు అయిపోయాయి. ఆమె సీనియర్ కోసం తెచ్చిన సంచి విప్పి, చింతకాయలు చిదిమి, గింజ తర్వాత గింజ నా చేతికి అందించింది. తన చెట్ల గింజలతో తానే కోర్టు నింపింది.

"ఇదెవురు?" అని చివరి దాన్ని అడిగింది.

"ఆయన మన పక్కనుంచి పోయినోడు. తెలుగు తెలిసినోణ్ణి ఒకణ్ణి ఎప్పుడూ పెట్టుకుంటారు. నువ్వు చెప్పేది మిగతావాళ్ళకు ఆయన చెప్తాడు."

"ఓడినోళ్ళదే కదా మొదటి మాట?"

"మొదటి మాటా నీదే, మొత్తం మాటా నీదే."

చుట్టూ ఉన్నవాళ్ళు నోరు తెరుచుకుని వింటున్నారు. నాకు ఊపు వచ్చింది. "మీ కొండ కింద పారే కావేరి తగాదా యాడ తేలిందనుకున్నావు? రెండు రాష్ట్రాలు పోయి ఆ కోర్టు ముందర నిలబడినాయి. అంత ఏటికి న్యాయం చెప్పినోళ్ళు నీ రెండెకరాలకు చెప్పరా?"

ఆమె బెంచీ మీదికి వంగింది. ముప్పై నాలుగు గింజల్నీ ఏరి కొంగులో ముడివేసుకుంది. లోపలికి పోయి మా సీనియర్‌తో రాజీకి ఒప్పుకోనని, ఢిల్లీకి పోవాల్సిందేనని చెప్పింది. టైపు ఆవిడ ఈసారి తల ఎత్తింది. కోర్టు ఫీజు మాట అనలేదు. "ఆయమ్మ ఇంటిని జూదంలో పెట్టేసినావు కదప్పా, మేకల్తో పాటు" అంది. సాయంత్రం మా సీనియర్ అడిగాడు, ఏం చెప్పావని. ఏమీ లేదయ్యా, కోర్టు గురించి చెప్పానన్నాను.

ఇప్పుడు కొత్తగా పనికి వచ్చిన పిల్లలు ఇది చెవిన వేసుకోండి. ఆ కోర్టు మొత్తంగా ఒక చోట కూర్చోదు. ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా విడిపోయి వేరువేరు హాళ్ళలో కూర్చుంటారు. రాజ్యాంగానికి అర్థం చెప్పే పెద్ద ప్రశ్న వస్తే ఐదుగురు, చాలా అరుదుగా అంతకన్నా ఎక్కువ. రెండు రాష్ట్రాలు కొట్టుకుంటే, కేంద్రమూ రాష్ట్రమూ కొట్టుకుంటే నేరుగా అక్కడికే పోవాలి. మనలాంటి చేను తగాదా అక్కడికి హక్కుగా పోదు. మా మాట వింటారా అని అనుమతి అడగాలి. అలా అడిగేవాళ్ళు దేశం నలుమూలల నుంచీ వస్తారు. అడిగినవాళ్ళలో చాలామందికి వినం అనే వస్తుంది. ఎవరు నాటారు, ఎవరు దున్నారు అనేది వాళ్ళు మళ్ళీ తూచరు. అది కింద కోర్టుల పని. అక్కడ నడిచేది ఇంగ్లీషు. పార్టీ నోరు విప్పే పని లేదు. దేశమంతటికీ చట్టం ఏమిటో చెప్పడానికి పెట్టుకున్న కోర్టు అది. ప్రతి ఇంటి గొడవా తీర్చడానికి కాదు. ఇవన్నీ మా సీనియర్‌కు తెలుసు. నాకూ తెలుసు.

ఢిల్లీలో మా సీనియర్‌కు తెలిసిన ఒక లాయరమ్మ ఉండేది. చిన్న వయసు, పనిమంతురాలు. ఆమె పిటిషన్ వేసింది. జూలైలో ఒక సోమవారం లిస్టులో వచ్చింది. పార్టీ రానవసరం లేదని ఫోనులో చెప్పింది. మా అంచెట్టి అమ్మ ఒప్పుకోలేదు. "కూటానికి మనిషి పోకుంటే ఎట్లప్పా? ఎదురుగా లేనోళ్ళ మాట ఎవురు వింటారు?" తోడు ఎవరు? కథ చెప్పినవాడే.

బెంగుళూరులో రైలెక్కాం. మూటలో రాగిరొట్టెలు, ఉరిమిండి పచ్చడి, ఒక మంచి చీర. దారి పొడుగునా ఆమె తన మాట సాధన చేసింది. పెళ్ళయి వచ్చిన ఏడాది మొదటి చెట్టు నాటినప్పుడు మొగుడికి ఇంకా మీసం రాలేదు. కరువులో కావేరి నుంచి కుండ మోసి ఏ చెట్టుకు ఎన్నాళ్ళు నీళ్ళు పోసింది, మరిది చదువుకు రెండో చెట్టు కాపు ఎన్నేళ్ళు పోయింది, అన్నీ ఒక వరసలో పెట్టుకుంది. ఎక్కడ ఎవరి ముఖం చూసి చెప్పాలో కూడా పెట్టుకుంది. "మీసం మాట చెప్పేటప్పుడు పెద్ద జడ్జిని చూడను. నగుతాడేమో. ఆ తెలుగాయప్పని చూస్తాను" అంది. నేను నాగపూర్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాను. ఎదుటి బెర్తులో ఒక మహారాష్ట్ర ముసలావిడ, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చెట్ల కథ విని కళ్ళు తుడుచుకుంది. ఆమె చెప్పుకున్న మాటకు దొరికిన కోర్టు అదొక్కటే.

కోర్టు గేటు దగ్గర లాయరమ్మ పాసులు ఇప్పించింది. ఆడవాళ్ళ తనిఖీలో పోలీసామెకు కొంగుముడి చేతికి తగిలింది. విప్పమంది. చింతగింజలు. ఇవేమిటని హిందీలో అడిగితే, అర్థం చేసుకుని మా ఆమె నిబ్బరంగా, "జడ్జీలమ్మా" అంది. పోలీసామె నా వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళలో నాకు చెప్పడానికి ఒక్క అబద్ధమూ తోచనిది అప్పుడే. ఏ దేవుడి మొక్కో అనుకుని నవ్వి వదిలేసింది.

హాలు వెనక నిలబడ్డాం. ఎత్తైన పీట మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆమె నా మోచేయి గిల్లి, "తక్కినోళ్ళు?" అని గుసగుసగా అడిగింది. "వస్తారు" అన్నాను. నల్లకోట్లు గుంపుగా ముందుకూ వెనక్కూ కదులుతున్నాయి. నంబర్లు గోడమీద మారుతున్నాయి. మా నంబరు వచ్చింది. లాయరమ్మ లేచి మూడు వాక్యాలు చెప్పింది. ఇద్దరిలో పెద్దాయన ఫైలు చదివే వచ్చాడు. అన్యాయంగా మాట్లాడలేదు, విసుక్కోనూ లేదు. ఇది వాస్తవాల మీద తేలిపోయిన సంగతి, హైకోర్టు తీర్పులో మేం కలగజేసుకోవడానికి కారణం కనబడలేదు అన్నాడు. లాయరమ్మ ఇంకో వాక్యం ఎత్తుకోబోయింది. ఆయన తల అడ్డంగా ఊపి, పక్కాయనను చూశాడు. పక్కాయనా ఊపాడు. డిస్మిస్డ్. ఒక వక్కాకు మడిచి నోట్లో పెట్టుకునేంత సేపు.

గోడమీద నంబరు మారింది. ఆమె కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, మొదటి మాట కోసం అలాగే నిలబడి ఉంది.

"ఇంగ మనల్ని పిలిచేది ఎప్పుడప్పా?"

వరండాలోకి తీసుకొచ్చాను. లాయరమ్మ వెనకాలే వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, నాతో ఇంగ్లీషులో మాట్లాడింది. ఎంతో ప్రయత్నించానని చెప్పండి, ఇక ఇక్కడ ఏమీ మిగల్లేదు, ఊళ్ళో ఏదైనా రాజీ దొరికితే తొందరగా చూసుకోమని చెప్పండి అంది. నేను తెలుగులో చెప్పింది ఇది: "వాయిదా పడిందమ్మా. అందరూ కుదిరిన రోజు చూసి కాయితం పంపుతారంట."

ఆమె లాయరమ్మ ముఖం చూసింది. నా ముఖం చూసింది. కొంగుముడి ఒకసారి బిగించుకుంది. "సరే" అంది.

తిరుగు రైల్లో ఆమె తన మాట సాధన చేయలేదు. రాగిరొట్టెలు అయిపోయాయి. స్టేషన్లలో నేను కొనిచ్చిన చపాతీ వద్దనలేదు, తిననూ లేదు. రెండుసార్లు అడిగింది. మొదటిసారి ఇటార్సీ దాటాక, రెండోసారి మంత్రాలయం పక్క. "ఏమన్నా చెప్పేది ఉండాదా అప్పా?" అని. మొదటిసారి డెంకణికోట కోతి కథ చెప్పాను. రెండోసారి కృష్ణగిరి కోట వాలిన కథ చెప్పాను. ఆమె రెండూ శ్రద్ధగా విన్నది. ఎక్కడా నవ్వలేదు.

ఆర్డరు కాపీ వచ్చినప్పుడు మా సీనియర్ చదివి ఫైలులో పెట్టి, ఆమెకు చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నాను. లాయరమ్మ చెప్పమన్న రాజీ మాట కూడా నా దగ్గరే ఆగిపోయింది. గులాబీలవాళ్ళు ఆ నెలంతా మరిదిని తొందరపెడుతూనే ఉన్నారని, అప్పుడు అడిగి ఉంటే ఇల్లు, రెండు చెట్లయినా వదిలేవాడేనని తర్వాత తెలిసింది. ఆగస్టు వానలకు ఆమె చేను దున్ని రాగులు చల్లింది. ఆ సంగతి అంచెట్టి బస్సు కండక్టరు చెప్పాడు. అయినా నోరు పెగల్లేదు. ఊరినిండా అబద్ధాలు చెప్పిన నోరు, ఒక్క నిజం చెప్పాలంటే తాళం పడింది.

అక్టోబరులో స్వాధీనం ఆర్డరు తీసుకుని కోర్టు అమీను కొండెక్కాడు. ఆమె సామాను పగలకుండా చూడమని మా సీనియర్ నన్ను పంపాడు. రాగి ఎన్ను తీసి బరువుకు వంగి ఉంది. తప్పెట కొట్టించి అమీను కాగితం చదివాడు. ఢిల్లీలో కేసు ఉందని ఆమె అరుస్తుందని, నా మీదికి వేలు చూపిస్తుందని నేను చెట్టు చాటున నిలబడ్డాను. ఆమె అవేమీ అనలేదు. పంట కోసుకోనిస్తారా అని అడిగింది, అంతే. తనకు ఆ అధికారం లేదని అమీను చెప్పాడు. మరిది నేలను చూస్తూ, "కోసుకో వదినా. రాగులు నాకెందుకు" అన్నాడు. పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకున్న మాట అదే మొదలంట. మూడు రోజులు కోసింది. నాలుగో రోజు కంచెకు రాళ్ళు దిగాయి.

మరుసటి వారం ఆమె హోసూరు వచ్చింది. అప్పటికి గురుబరపల్లిలో కూతురింట ఉంటోంది. మా సీనియర్‌కు ఒక చిన్న సంచిలో రాగులు ఇచ్చి, బయటికి వచ్చి నా బెంచీ మీద కూర్చుంది. పక్క బెంచీ గుమాస్తా పనుందని లేచిపోయాడు. టైపు ఆవిడ చేతులు ఆగాయి.

"ఎప్పుడు తెలిసిందమ్మా నీకు?" అన్నాను.

"ఆడే. ఆ లాయరమ్మ ముఖం చూస్తానే. ఓడినోళ్ళ ముఖం తెలీదా అప్పా నాకు? పన్నెండేండ్లుగా అద్దంలో చూస్తా ఉండాను."

"మరి అడగలేదే?"

"రెండుసార్లు అడిగినాను. నువ్వు కోతి కథ చెప్పినావు."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, తెలిసీ రాగులు ఎందుకు చల్లావని అడిగాను.

"ఓడింది నేను కదప్పా. చేనికేం తెలుసు?"

కొంగుముడి విప్పి గింజలు బెంచీ మీద పోసింది. పులిజూదం గీతల మీద ఒక్కొక్కటే నా వైపు తోసింది. రెండు మాత్రం తన చేతిలో ఉంచుకుంది.

"ఈ ఇద్దుర్నీ నేను కండ్లారా చూసినాను. వాళ్ళ మీద నాకేం లేదు. వాళ్ళకి తోచింది వాళ్ళు చెప్పినారు. ఈ ఇద్దురూ నావోళ్ళు. మిగతావోళ్ళు నువ్వు చెప్పినోళ్ళు. నువ్వే పెట్టుకో." లేచి, చెప్పులు తొడుక్కుని, నాతో కాకుండా బెంచీతో అన్నట్టుగా, "ఐదు చెట్లప్పా" అంది. అని వెళ్ళిపోయింది.

టైపు ఆవిడ ఆ తర్వాత నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. నాకు అంతకన్నా పెద్ద శిక్ష ఆ వసారాలో ఎవరూ వేయలేదు. మా సీనియర్‌కు అన్నీ చెప్పేశాను. విని, "చూద్దాం" అన్నాడు. "కానీ" అని కూడా అనలేదు.

నేను మారిపోయానని చెప్పుకోవడానికి మీకు ఇంకొక సంగతి చెప్పాలి. రెండు నెలల తర్వాత ఊత్తంగరై నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బావి తగాదా, చెన్నైలో ఓడిపోయాడు. ఎదుటివాళ్ళు వారానికి మూడు రోజులు నీళ్ళు వదులుతామంటున్నారు. నా పక్కన కూర్చుని అదే మాట అడిగాడు, ఢిల్లీలో ఎంతమంది కూర్చుంటారప్పా అని. ఇద్దరు కూర్చుంటారు, నిమిషం పడుతుంది, నువ్వు మాట్లాడే పనే ఉండదు, ఆ మూడు రోజుల నీళ్ళు తీసుకో అని చెప్పాను. నా జీవితంలో అంత పొట్టి కథ ఎన్నడూ చెప్పలేదు.

పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తెలియనివాడి దగ్గర కూర్చున్నానని అనుకున్నట్టున్నాడు. లేచి, పంచె దులుపుకుని, పక్క బెంచీకి పోయాడు. కాసేపటికి అక్కడ నవ్వులు, నోరు తెరుచుకున్న ముఖాలు. నా మాటలే వినబడుతున్నాయి, నా విరుపులతో సహా. పెద్ద జడ్జి మధ్యలో, తెలుగాయన చివర్లో, కావేరి కూడా వచ్చింది.

అంతలో పక్క బెంచీ గుమాస్తా మెడ తిప్పి నన్ను పిలిచాడు.

"ఏమప్పా, ఆ చింతగింజలు నీ దగ్గరే ఉండాయి కదా. ముప్పై నాలుగు ఇట్లియ్యి, ఈ పెద్దాయనకు చూపించల్ల."

"ముప్పై రెండే ఉండాయి" అన్నాను. "ఇద్దురు గురుబరపల్లిలో ఉండారు."